పాప కూర్చోని నలుపు

నలుపు నారాయణ మెచ్చు అన్నారు పెద్దలు. నారాయణుడు మెచ్చితే మెచ్చాడు గానీ, భద్రాచారికి మాత్రం లోకంలో ఏ నలుపూ నచ్చలేదు. అదీ అతని బాధ.

వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో కొలుపు చేస్తున్నారంటే, ఊరి అమ్మవారి కర్రబొమ్మ ముందుగా లింగాచారిగారి ఇంటికి రావాల్సిందే. పాత రంగు గీకి, కొత్త రంగు వేసి, చివర కళ్ళు దిద్ది పంపాలి. భద్రం ఆయన శిష్యుడు. మీసాలు రాకముందు వచ్చి చేరాడు. మీసాలొచ్చాయి, పెళ్ళయింది, ఈమధ్యే కూతురూ పుట్టింది. అయినా ఏ ఊరు వెళ్ళినా "లింగాచారిగారి కుర్రాడు" అనేవాళ్ళే గానీ, పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

పేరు రావాలంటే ఒకటే దారి. కళ్ళు దిద్దాలి. బొమ్మను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఊరిపెద్ద అందరి ముందూ "కళ్ళు తెరిపించింది ఎవరు?" అని అడుగుతాడు. దిద్దినవాడి పేరు గురువు చెబుతాడు. ఆ పేరే ఇక ఊళ్ళో నిలిచిపోతుంది. పసుపు ఎవరు పూశారు, ఎరుపు ఎవరు వేశారు అని అడిగే నాథుడు ఉండడు. మిగతా రంగులన్నీ భద్రం చేతికి వదిలేసిన లింగాచారిగారు, కళ్ళు మాత్రం ఎన్నడూ వదల్లేదు.

ఎప్పటికైనా వదులుతారన్న ఆశతో భద్రం నలుపు సిద్ధం చేసుకుంటూ ఉండేవాడు. ఆ ఇంట్లో నలుపంటే ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి. దాన్ని తుమ్మజిగురుతో నూరి కళ్ళకు వేస్తారు. మంచి నలుపే. కానీ జిగురు ఆరాక మెరుస్తుంది. మెరిసిన చోట నలుపు తెల్లబోతుంది. భద్రానికి అదే గిట్టదు.

"ఇదీ ఒక నలుపేనా గురువుగారూ? కాస్త వెలుగు పడితే చాలు, పారిపోతుంది," అనేవాడు.

"పోనీలేరా. ఎవరో వస్తుంటే చోటిస్తుంది," అనేవారాయన.

ఏమన్నారో భద్రానికి తలా తోకా తెలిసేది కాదు. ఆయన మాటలు సగం అలాగే ఉంటాయి. అడిగితే మిగతా సగం కూడా అలాగే చెబుతారని అడగడం మానేశాడు.

మసిని ఇంకా మెత్తగా నూరాడు. కొబ్బరిచిప్పలు కాల్చాడు, బాదం పెంకులు కాల్చాడు. జిగురు తగ్గిస్తే రంగు రాలిపోయింది, పెంచితే మెరిసి చచ్చింది. ఇల్లంతా పొగ. "నా వంటింటి గోడ కంటే నీ మొహమే నల్లగా ఉందిరా, దీంతోనే దిద్దరాదూ కళ్ళు," అని లింగాచారిగారి భార్య మాణిక్యమ్మ ఒకటే నవ్వు.

ఒకరోజు అతను ఫోనులో ఒక వీడియో చూశాడు. చిత్రకారుల కోసమని ఎవరో విదేశంలో ఒక నలుపు తయారు చేశారట. దానిమీద పడిన వెలుగు తిరిగి రాదట. మొత్తం మింగేస్తుందట. ఇక భద్రానికి అన్నం సయిస్తే ఒట్టు. ఎలా తెప్పించాడో తెప్పించాడు. కొరియర్‌లో ఇంతే ఇంత సీసా వచ్చింది.

ముందు ఒక చెక్క ఉండకి పూశాడు. ఉండ కాస్తా బిళ్ళయిపోయింది. అటు తిప్పినా బిళ్ళే, ఇటు తిప్పినా బిళ్ళే. పట్టుకుంటే గుండ్రంగా ఉంది, చూస్తే పలకలా ఉంది. చేతిని నమ్మాలా, కంటిని నమ్మాలా అన్నది తేల్చుకోలేకపోయాడు. తర్వాత సరదా పుట్టి, పీట ఒకటి తీసుకుని నడిమధ్యన అరచేయంత మేర పూసి ఆరబెట్టాడు.

మాణిక్యమ్మ కూరగాయలు ముందేసుకుని, ఆ పీట వాల్చుకోబోయి ఆగిపోయింది.

"పీటకి బొక్క పెట్టిందెవడ్రా?"

"బొక్క కాదమ్మగారూ, రంగు."

"నాకింకా కళ్ళు పోలేదులే. గొయ్యి కనిపిస్తుంటే రంగంటావేం?" అంటూ వంగి వేలు పెట్టింది. లోపలికి పోవాల్సిన వేలు టక్కున చెక్కకి తగిలేసరికి, "ఓరి నీ దుంపతెగ!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకండమ్మగారూ! ముట్టుకుంటే పోతుంది!" భద్రం లబలబలాడాడు. నిజంగానే వేలు తగిలిన చోట బూడిదరంగు మచ్చ పడింది.

"ముట్టుకుంటే పోతుందా? ఇదేం రంగురా, అత్తిపత్తి మొక్కలాగా," అని ఆవిడ ఇంకో పీట వెతుక్కుంటూ వెళ్ళింది.

వసారాలో కూర్చున్న లింగాచారిగారు ఆ పీట ఇలా తెమ్మన్నారు. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు.

"నిజంరా భద్రం. ఇంత నలుపు నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు," అన్నారు.

భద్రం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు రావడం అంటే మాటలా!

"అంకమ్మ తల్లి కళ్ళు ఈసారి నువ్వు దిద్దు. నా చెయ్యి వణుకుతోంది."

"నేనా గురువుగారూ? ఈ నలుపుతోనా?"

"చెయ్యి నీది, నలుపు నీది. మధ్యలో నన్నడుగుతావేం?"

భద్రం ఆయన కాళ్ళమీద పడ్డాడు. లేచాక కళ్ళు తుడుచుకుని, ఇంటికి పరిగెత్తి భార్యకి చెప్పాడు, ఉయ్యాలలో ఉన్న కూతురికి చెప్పాడు, దారిలో సోడాకొట్టు వాడిక్కూడా చెప్పాడు.

శుక్రవారం అమ్మవారిని తీసుకెళ్ళడానికి ఊరివాళ్ళు వస్తారు. ఆ ఉదయం భద్రం తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పనిగదిలో కూర్చున్నాడు. ఎదురుగా అంకమ్మ. ఒళ్ళంతా పసుపు, ఎర్రచీర, పచ్చ రవిక. తెల్లటి పెద్ద పెద్ద కళ్ళు, మధ్యలో ఇంకా ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి కుంచె ముంచాడు. కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. గీత గీసినట్టు వచ్చాయి.

ఆ ఇంట్లో కంటిపని అయిందా అని ఎవరూ అడగరు. పాప కూర్చుందా అంటారు. కంటిపాపను పాప అంటాం కదా, కంట్లో నల్లచుక్క పడిందా అని దానర్థం అని భద్రం చిన్నప్పటినుంచీ అనుకుంటున్నాడు. అందులో అనుకోవడానికి ఇంకేముంది గనక?

"పాప కూర్చుందా?" అంటూ లింగాచారిగారు వచ్చారు.

"కూర్చుంది గురువుగారూ."

ఆయన అమ్మవారి ముందు నిలబడి చూశారు. కాస్త ఎడమకి జరిగారు. కుడికి జరిగారు. మెడ వంచి చూశారు.

"కూర్చోలేదే," అని వెళ్ళిపోయారు.

భద్రం తెల్లమొహం వేశాడు. కూర్చోకపోవడం ఏమిటి? బొగ్గుగనిలా అంత నల్లగా కనిపిస్తుంటేను! బహుశా పూత పలచగా ఉందేమో అనుకుని ఇంకో పూత వేశాడు. ఇప్పుడా కళ్ళలోకి చూస్తుంటే అతనికే ఒళ్ళు జలదరించింది. బావిలోకి తొంగిచూసినట్టుంది, అడుగెక్కడో తెలియడంలేదు.

"గురువుగారూ, ఇప్పుడు కూర్చుంది."

ఆయన గుమ్మంలోంచే తొంగిచూశారు. "లేదురా."

"ఇంకా నల్లగా చేశానండీ!"

"చూశాను. నల్లగానే ఉంది."

"మరి చుక్క చిన్నదైందా?"

"లేదు."

"పక్కకి జరిగిందా?"

"సరిగ్గా నడిమధ్యన ఉంది. నేను దిద్దినా అంత బాగా రాదు."

"మరి తప్పెక్కడుందో చెప్పండి గురువుగారూ, దిద్దుకుంటాను."

"తప్పెక్కడా లేదురా. పాప లేదు," అని ఆయన చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు.

ఇదేం తిరకాసు? తప్పు లేదట, పాప లేదట. భద్రం తల పట్టుకున్నాడు. పోనీ అమ్మగారినడుగుదామని వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళాడు.

"అమ్మగారూ, పాప కూర్చోవడం అంటే ఏంటండీ?"

"అదేంట్రా, మొన్ననేగా కూర్చుందని మీ ఆవిడ చెప్పింది! ఆరో నెల వచ్చేసరికి కూర్చోదూ మరి? వెనకాల దిండు పెట్టండి, పడుతుంది."

"మా పాప కాదమ్మగారూ..."

"మరెవరి పాప?"

భద్రం వెనక్కొచ్చేశాడు.

ఎండ వాకిట్లోంచి వసారాలోకి జరుగుతోంది. పొద్దువాలే లోపల డప్పులు వస్తాయి. భద్రానికి కోపం తన్నుకొచ్చింది. ముసలాయనకి నాకు పేరు రావడం ఇష్టం లేదు, అదీ సంగతి. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడానికే ఈ ఎత్తు. చెయ్యి వణికినా పెత్తనం వదల్లేడు. నన్ను విసిగించి, చివరికి "పోనీలే, తే" అని ఆయనే దిద్దేసి, "కళ్ళు తెరిపించింది లింగాచారి" అనిపించుకుంటారు. నేను మళ్ళీ లింగాచారిగారి కుర్రాణ్ణి! ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపులోనే ఇంకో పూత వేశాడు.

అంతలో మాణిక్యమ్మ పూలబుట్టతో వచ్చింది. ప్రతిసారీ కళ్ళు దిద్దగానే మొదటి పూలు ఆవిడే పెడుతుంది. బుట్ట కింద పెట్టి, ఒక మూర చామంతులు తీసుకుని, అమ్మవారి ఎదుట నిలబడింది. నిలబడి, పెట్టకుండా అటూ ఇటూ చూసింది.

"ఎటు చూస్తోందిరా ఈవిడ?"

"మీ వంకేనండీ. ఎదురుగానే ఉన్నారుగా."

"నా వంకా?" ఆవిడ ఇంకో రెండడుగులు ముందుకెళ్ళింది. "ఏమోరా నాయనా. వాకిలి తీసిపెట్టి ఇంట్లో వాళ్ళెటో వెళ్ళినట్టుంది. ఎవరూ లేని ఇంట్లోకి నేనేం వెళ్ళను?"

చామంతులు మళ్ళీ బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది. అదేం కోపంతో చేసిన పని కాదు. మామూలుగానే వెళ్ళింది. భద్రానికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. గురువుగారిదంటే ఎత్తు అనుకుందాం, మరి ఈవిడకేం పట్టింది?

దూరాన డప్పు వినిపించింది. ఇంకా ఊరి బయటే ఉన్నారు.

"భద్రం! ఒకసారి ఇలా రా," అని వసారాలోంచి పిలుపు.

వెళ్ళాడు. లింగాచారిగారు ఒక కన్ను మూసుకుని అరుగు మీద కూర్చున్నారు.

"కంట్లో నలుసు పడ్డట్టుందిరా. తీసి పెట్టు."

ఇప్పుడా? డప్పులు వస్తుంటే? "అమ్మగారిని పిలుస్తానండీ," అన్నాడు భద్రం, పళ్ళ బిగువున.

"దానికి చత్వారం. నువ్వు చూడు."

చేసేదేముంది? ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేలితో కింది రెప్ప లాగి చూశాడు.

"ఏమీ లేదండీ."

"సరిగ్గా చూడు."

పైరెప్ప ఎత్తి చూశాడు. "లేదండీ."

"మధ్యలో చూడు. దగ్గరికి రా. ఇంకా దగ్గరికి రారా, నేనేం కరవను."

భద్రం మొహం మొహం తగిలేంత దగ్గరికి వచ్చాడు. ముసలి కన్ను. తెల్లగుడ్డు పసుపు తిరిగింది. చుట్టూ బూడిదరంగు వలయం. నడుమ నలుపు. అంత గొప్ప నలుపేం కాదు, తడిగా మెరుస్తోంది. ఆ మెరుపులో వాకిలి ఉంది. వాకిట్లో పడ్డ ఎండ ఉంది. ఆ ఎండకి అడ్డంగా, చెవి వెనక కుంచె పెట్టుకుని, వంగి చూస్తూ గోరంత మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

భద్రం తల పక్కకి వంచాడు. వాడూ వంచాడు.

"కనిపించిందా?" అన్నారు లింగాచారిగారు.

భద్రం వేలు ఇంకా ఆయన రెప్ప మీదే ఉంది.

"సరేలే, పోయింది," అని ఆయన కండువాతో కన్ను తుడుచుకుని లేచి, వచ్చేవాళ్ళకి మంచినీళ్ళు సిద్ధం చేయించడానికి లోపలికి వెళ్ళారు.

భద్రం పనిగదిలోకి వచ్చాడు. తుమ్మజిగురు గిన్నె అందుకున్నాడు. అమ్మవారి ముందు కూర్చుని కుంచె ముంచాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు. ఎన్ని కొబ్బరిచిప్పలు కాల్చాడు! ఎంత పొగ మింగాడు! చివరికి దొరికిన నలుపు, వేలు తగిలితేనే పోయే నలుపు. జిగురు తగిలితే ఇంకేం మిగులుతుంది?

డప్పులు వీధి మొదట్లోకి వచ్చాయి.

పూశాడు. కుడికన్ను మీద, తర్వాత ఎడమకన్ను మీద. చూస్తుండగానే సీసాలోంచి వచ్చిన ఆ నలుపు చచ్చిపోయింది. వట్టి నలుపు మిగిలింది, ఏ ఇంటి మసికైనా ఉండే నలుపు. బొమ్మను తలుపు దగ్గరికి, గాలి తగిలే చోటికి జరిపి, ఆరేదాకా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. గురువుగారిని పిలవలేదు. పాప కూర్చుందని గట్టిగా చెప్పే ధైర్యం అతనికి ఇప్పుడు లేదు.

మాణిక్యమ్మ ఏదో పనిమీద ఆ గుమ్మం దాటబోతూ చటుక్కున ఆగింది. పైట భుజం మీదికి సర్దుకుంది.

"వస్తున్నా తల్లీ, వస్తున్నా. అలా చూస్తావేం, పూలు తేవొద్దూ?" అని అమ్మవారితో అని, బుట్ట కోసం గబగబా లోపలికి వెళ్ళింది.

భద్రం విసనకర్ర పక్కన పెట్టాడు.

డప్పులు వాకిట్లోకి వచ్చి ఆగాయి. పసుపుబట్టలు, వేపమండలు, ఆడవాళ్ళ తలల మీద కలశాలు, వాకిలి నిండిపోయింది. ముందు ఊరిపెద్ద పిచ్చయ్య. ఎర్రటి తలపాగా, చేతిలో కొబ్బరికాయ. అమ్మవారిని మోసుకొచ్చి వసారాలో నిలబెట్టారు. భద్రం చేతులు కట్టుకుని గురువుగారి వెనక నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట ఇప్పుడు రావాలి.

పిచ్చయ్య గొంతు సవరించుకుని, అందరికీ వినపడేట్టు అడిగాడు. "లింగాచారీ! మా తల్లి కళ్ళు తెరిపించింది ఎవరయ్యా?"

డప్పువాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు.

"తల్లి కంట్లోనే ఉన్నాడు, చూసుకో పిచ్చయ్యా," అన్నారు లింగాచారిగారు.

భద్రం ఉలిక్కిపడ్డాడు. పేరు చెప్పలేదు! తన పేరూ చెప్పలేదు, ఆయన పేరూ చెప్పుకోలేదు. ఇదేమిటి?

పిచ్చయ్యకీ ఏమీ అర్థం కాలేదు. ఇదెప్పుడూ విన్న జవాబు కాదాయె. జనం వంక చూశాడు, లింగాచారిగారి వంక చూశాడు. చివరికి చేసేదిలేక వంగి, అంకమ్మ కంట్లోకి చూశాడు.

ఆ మెరుపులో ఎర్రటి తలపాగాతో గోరంత మనిషి ఒకడు కనిపించాడు. పిచ్చయ్య చెయ్యి పైకి వెళ్ళి, తలపాగా తీసి చంకలో పెట్టుకుంది.

"ఎవరు పెదనాన్నా?" అని వెనకనుంచి ఎవరో ఆత్రంగా అడిగారు.

పిచ్చయ్య వెనక్కి తిరిగాడు. "నువ్వొచ్చి చూడు," అని పక్కకి తప్పుకున్నాడు.

అడిగినవాడు వంగి చూశాడు. వాడూ వెనకవాడికి చోటిచ్చాడు. ఆ తర్వాత ఒక ముసలమ్మ, ఆమె తర్వాత డప్పు మెడలో వేసుకున్నవాడు, చంకలో పిల్లతో ఒక కోడలు. ఒకరు లేవగానే ఒకరు వంగుతున్నారు.

భద్రం గురువుగారి వెనకనుంచి కదిలాడు. మెట్లు దిగి, వాకిట్లోకి వెళ్ళి, అందరికంటే చివర వరసలో నిలబడ్డాడు.